ఏడో తరగతిలో నలుగురు పిల్లలు, ఒక ఏడాది బీజగణితం: నా అనుభవం

2024 జూన్ 12న బడి తెరిచారు. మరుసటి వారం, 19వ తేదీన, ఏడో తరగతికి పది లెక్కల స్లిప్ టెస్ట్ పెట్టాను. మార్కుల కోసం కాదు, ఎవరు ఎక్కడ ఆగుతున్నారో చూడటానికి. నాలుగో ప్రశ్న ఇది: 8 + 4 = □ + 5. డబ్బాలో 7 రావాలి. తరగతిలో సగానికి పైగా 12 రాశారు, కొందరు 17 రాశారు. ఆరేళ్లుగా కూడికలు చేస్తున్న పిల్లలకు సమానం గుర్తు అంటే "ఇక్కడ జవాబు రాయి" అనే అర్థం. రెండు పక్కలా ఒకే విలువ ఉండాలన్న అర్థం వాళ్లకు ఎప్పుడూ అవసరం పడలేదు. సమీకరణాల పాఠం మన తెలంగాణ ఏడో తరగతి పుస్తకంలో మూడోదే. అంటే ఆగస్టుకల్లా అక్కడికి చేరాలి.

ఆ పరీక్షలో నలుగురు పిల్లల కాగితాలు వేరుగా కనిపించాయి. ఇద్దరు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు. పేర్లు చెప్పను. కింది తరగతుల రిజిస్టర్లలో నలుగురి గురించీ "శ్రద్ధ లేదు" అన్న మాటే ఉంది. జూన్ 24 నుంచి 28 దాకా ఒక్కొక్కరినీ పదిహేను నిమిషాల చొప్పున కూర్చోబెట్టి, అదే కష్టస్థాయి ఉన్న లెక్కలను మూడు రకాలుగా చేయించాను. మొదటిసారి తనే చదువుకుని తనే రాయాలి. రెండోసారి నేను చదువుతాను, తను రాయాలి. మూడోసారి నేను చదువుతాను, తను నోటితో చెప్పాలి. తర్వాత ఎక్కాల కార్డు చేతికిచ్చి మరో ఐదు లెక్కలు. ఈ వారం పెట్టకపోతే మిగతా ఏడాదంతా గుడ్డిగా పోయేది.

మొదటి అబ్బాయికి తను చదివి రాస్తే పదిలో రెండు, నోటితో ఎనిమిది. వాళ్ల నాన్నకు కిరాణా దుకాణం ఉంది. "మావోడు దుకాణంల చిల్లర తప్పు ఇయ్యడు సార్, బడిలనే ఎందుకు రాదో సమజ్ గాదు" అన్నాడాయన. అబ్బాయి ఆగేది చదవడం దగ్గర: ప, ష, స తడబడతాడు, ఒత్తులు వదిలేస్తాడు, ఇంగ్లీషులో బి, డి తారుమారు. మొదటి అమ్మాయికి చదవడం బాగానే వచ్చు, కానీ 8 + 5కి వేళ్లు కావాలి, ఏడో ఎక్కం నిన్న వచ్చి ఇవాళ పోతుంది. కార్డు ఇచ్చాక ఐదులో నాలుగు చేసింది. రెండో అబ్బాయి రాత పేజీలో ఏటవాలుగా జారిపోతుంది. తను రాసిన 6ను తనే 0గా చదువుకుంటాడు. రెండో అమ్మాయి ప్రతి మెట్టూ విడిగా అడిగితే చెబుతుంది, నాలుగు మెట్లు కలిపి ఇస్తే మూడోదానికి వచ్చేసరికి మొదటిది మర్చిపోతుంది. నలుగురిలో ఎవరూ బీజగణితం దగ్గర ఆగలేదు. దానికి ముందే, వేరే వేరే చోట్ల ఆగారు. స్లిప్ టెస్ట్ కాగితం మీద మాత్రం నలుగురికీ ఒకే సున్నా.

జూలై 1న విడిగా కూర్చోబెట్టడం మొదలుపెట్టాను. ముందు ప్రార్థనకు ముందు అరగంట అనుకున్నాను. ఇద్దరు పక్క ఊరి నుంచి బస్సులో వస్తారు, ఆ బస్సు ప్రార్థన వేళకే చేరేది. వారం తర్వాత మధ్యాహ్న భోజనం అయ్యాక మిగిలే ఇరవై నిమిషాలకు మార్చాను, వారానికి నాలుగు రోజులు. రెండో వారంలోనే పెద్ద చిక్కు వచ్చింది. మిగతా పిల్లలు వీళ్లను "స్పెషల్ బ్యాచ్" అనడం మొదలుపెట్టారు. రెండో అమ్మాయి రావడం మానేసింది. పిలిస్తే కళ్లనిండా నీళ్లు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. మరుసటి రోజు నుంచి ఆ బల్ల అందరికీ తెరిచాను: ఆడుకోవాలనుకున్న వాళ్లు ఎవరైనా వచ్చి, సమానం గుర్తు అర్థం చూపడానికి నేను చేసిన త్రాసుతో ఆడొచ్చు. లెక్కల్లో చురుకైన ఇద్దరు రోజూ వచ్చేవాళ్లు. నాలుగైదు రోజుల్లో ఆ పేరు పోయింది, అమ్మాయి తిరిగి వచ్చింది. ఇది మొదటి రోజే చేయాల్సిన పని.

త్రాసు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, చాలామంది ఇక్కడే విసుగెత్తి వదిలేస్తారు. బట్టల హ్యాంగర్‌కు రెండు చివర్లా దారంతో రెండు పేపర్ కప్పులు కట్టి, కిటికీ చువ్వకు వేలాడదీశాను. తెలియని సంఖ్యకు అగ్గిపెట్టె, లోపల రూపాయి బిళ్లలు. మూడు అగ్గిపెట్టెలు ఒక పక్క, పన్నెండు బిళ్లలు ఇంకో పక్క. ఒక్కో పెట్టెలో నాలుగు. త్రాసు సరిగ్గా నిలవాలి, నిలవలేదు. కారణం ఒకటి: అగ్గిపెట్టెకే బరువుంది. ఆ తూకానికి అవతల పక్క మూడు ఖాళీ పెట్టెలు పెడితే పిల్లలు వాటిని కూడా లెక్కలోకి తీసుకుంటారు. పెట్టెలు తీసేసి పలచటి కాగితపు పొట్లాలు చేశాను, అప్పుడు హ్యాంగర్ ఆ తేడాను పట్టించుకోలేదు.

రెండో కారణం తెలిసేసరికి రెండు రోజులు పట్టింది. పొట్లాలు మార్చినా కొన్నిసార్లు ఒరుగుతూనే ఉంది. రూపాయి బిళ్లలన్నీ ఒకే బరువు కావు. 1990ల నాటి పెద్ద స్టీలు రూపాయి 4.85 గ్రాములు, 2011 తర్వాతిది 3.79, 2019 నుంచి వచ్చిన చిన్నది 3.09. పాతవి నాలుగు కలిస్తే 2011వి ఐదింటి కన్నా ఎక్కువ తూగుతాయి. కిరాణా అబ్బాయే తన దుకాణం నుంచి ఒకే రకం బిళ్లలు అరవై ఏరుకొచ్చాడు. ఆ రోజు వాడి ముఖంలో వెలుగు ఇప్పటికీ గుర్తుంది. లెక్కల తరగతిలో వాడు అందరికీ పనికొచ్చిన మొదటి రోజు అది.

త్రాసు మీద మూడు వారాలు ఉన్నాం. నియమం ఒక్కటే: ఈ కప్పులో ఏం చేస్తే ఆ కప్పులోనూ అదే చేయాలి. రెండు పక్కలా రెండేసి బిళ్లలు తీసెయ్, చూడు, కదల్లేదు. ఒక పక్కే తీసెయ్, ఒరిగింది. ఈ మాట నేను చెప్పకుండా త్రాసే చెప్పడం ముఖ్యం. జూలై 22 నుంచి త్రాసు పక్కన పెట్టి దాని బొమ్మ గీయడం: పొట్లానికి చదరం, బిళ్లకు చుక్క. ఆగస్టు రెండో వారంలో బొమ్మ పక్కనే అంకెలు. ఆగస్టు చివర్లో బొమ్మ వద్దన్న వాళ్లకు అంకెలు మాత్రమే. కిరాణా అబ్బాయి ఆరు రోజుల్లో బొమ్మ వదిలేశాడు. వేళ్లతో లెక్కించే అమ్మాయికి సెప్టెంబర్ మధ్య దాకా బొమ్మ కావాల్సి వచ్చింది. తొందరపెట్టి ఆగస్టులో ఒకసారి బొమ్మ మాన్పించాను, రెండు రోజుల్లో మొదటికొచ్చింది. ఎవరు ఎప్పుడు దాటతారో వాళ్లే చెప్పాలి.

పేజీ తీరు గురించి. సాదా నోటుబుక్కులు పక్కన పెట్టి గళ్ల నోటుబుక్కులు కొన్నాను, నాలుగూ 180 రూపాయలు. గడికి ఒక్క అంకె లేక ఒక్క గుర్తు. పేజీకి నిలువుగా ఒక ఎర్ర గీత, సమానం గుర్తులన్నీ ఆ గీత మీదే పడాలి. ఇది మొదట రాత జారిపోయే అబ్బాయి కోసం పెట్టాను, నలుగురికీ పనికొచ్చింది: ఏ పక్క ఏముందో చూపు పడగానే తెలుస్తుంది. పేజీకి మూడే లెక్కలు. మొదటిది పూర్తిగా చేసి ఉంటుంది, పక్కన ప్రతి మెట్టుకీ ఒక చిన్న మాట: "రెండు పక్కలా 5 తీశాం". రెండోదానిలో కొన్ని మెట్లు ఖాళీ. మూడోది పూర్తిగా ఖాళీ. మెట్లు మర్చిపోయే అమ్మాయికి ఈ పక్క మాటలే ఊతకర్ర. నవంబర్‌కల్లా తనే ఆ మాటలు పెదవులతో అనుకుంటూ చేసేది. పుస్తకంలో ఒకే పేజీలో పన్నెండు లెక్కలు కనిపిస్తే ఈ పిల్లలు మొదటిది కూడా మొదలుపెట్టరు. పాత పెళ్లి శుభలేఖ అట్టలో రెండు వేళ్ల వెడల్పు కిటికీ కోసి ఇచ్చాను, ఒక్క లెక్కే కనిపించేలా. పైసా ఖర్చు లేదు. నలుగురిలో ముగ్గురు ఏడాది చివరి దాకా వాడారు.

ఎక్కాల కార్డు విషయంలో స్టాఫ్ రూంలో వాదన జరిగింది. "ఎక్కాలు రాకుండా బీజగణితమేంది?" అని పెద్దవాళ్లు అడిగారు. వాళ్ల ఆవేదన నాకు అర్థమవుతుంది. కానీ ఏడెనిమిదులు యాభై ఆరు గుర్తుకు రాని పిల్ల 7□ = 56 (డబ్బాలోని సంఖ్యకు ఏడు రెట్లు 56) దగ్గర ఆగితే, మనం ఆ పిల్లకు సమీకరణం రాదని రాస్తున్నాం. రెండు పక్కలా 7తో భాగించాలని తనకు తెలుసు. అందుకే కార్డు ఇచ్చాను, అది చాలక మొదటి రెండు నెలలు 2, 5, 10 మాత్రమే వచ్చే లెక్కలు అల్లాను. ఎక్కాలకు వేరే సమయం, రోజుకు ఐదు నిమిషాలు. అది ఆగలేదు, బీజగణితం దానికోసం ఆగలేదు.

సెప్టెంబర్ మొదటి వారంలో అంతా తలకిందులైంది. 3□ = 12కి కిరాణా అబ్బాయి 9 రాశాడు. అంతకుముందు రెండు వారాలు తప్పు చేయని పిల్లాడు. అడిగితే, ఇంటి దగ్గర అక్క చెప్పిందట: "అటు పోతే గుర్తు మారుతది." 3 అటు పోయింది, గుర్తు మారింది, 12 − 3. ఈ సూత్రం పనికొచ్చేది అది ఎందుకు నిజమో తెలిసిన వాళ్లకే. గుణించిన సంఖ్యకూ కలిపిన సంఖ్యకూ తేడా పట్టని పిల్లలు దాన్ని అన్నిటికీ వాడేస్తారు. వాళ్ల అక్కను, మరో పిల్ల ట్యూషన్ సార్‌ను కలిసి, సంక్రాంతి దాకా పక్షాంతరం (అటు పంపి గుర్తు మార్చడం) మాట ఎత్తొద్దని బతిమాలాను. ప్రతి మెట్టులో ఏం చేస్తున్నామో రెండు పక్కలా కింద రాయాల్సిందే:

3□ + 5 = 20
రెండు పక్కలా − 5
3□ = 15
రెండు పక్కలా ÷ 3
□ = 5
సరిచూడు: 3(5) + 5 = 15 + 5 = 20 ✓

ముందు 5 తీయాలా, ముందు 3తో భాగించాలా అన్నది ఇంకో ముడి. దీనికి ఇంట్లోంచి టిఫిన్ క్యారియర్ తెచ్చాను. డబ్బాలో ఉన్నదాన్ని మూడు రెట్లు చేశాం, అది కింది గిన్నె. ఆ తర్వాత 5 కలిపాం, అది పై గిన్నె. విప్పేటప్పుడు ముందు చేతికొచ్చేది పై గిన్నే. గిన్నెల మీద చీటీలు అంటించి పది సార్లు పేర్చి, పది సార్లు విప్పించాను. ఆ తర్వాత "పై గిన్నె ఏది?" అని అడిగితే చాలేది.

ఆ చివరి "సరిచూడు" వరుస గురించి ఒక మాట. ఏళ్ల తరబడి ఈ పిల్లల పుస్తకంలో తప్పో ఒప్పో వేరేవాళ్లే చెప్పారు, అదీ ఎర్ర ఇంకుతో. జవాబును తిరిగి లెక్కలో పెట్టి, రెండు పక్కలా 20 రావడం చూసి, తనే టిక్కు కొట్టుకున్న రోజు మొదటి అమ్మాయి నోటుబుక్కు పట్టుకుని నా దగ్గరికి వచ్చి "దిద్దొద్దు సార్, ఒప్పే" అంది. నేను దిద్దలేదు.

2024 అక్టోబర్ 2 నుంచి 14 దాకా దసరా సెలవులు. 15న చూస్తే ముగ్గురికి సగం పోయింది. భయపడొద్దు. రెండు రోజులు త్రాసు, ఒక రోజు బొమ్మలు, నాలుగో రోజుకు అంకెలు తిరిగొచ్చాయి. మొదట పది వారాలు పట్టిన దారి నాలుగు రోజుల్లో నడిచారు. సంక్రాంతి సెలవుల తర్వాత రెండు రోజులే పట్టింది.

ఈ మధ్యలో సమాంతరంగా వేళ్లతో లెక్కించే అమ్మాయి పరీక్షలు నడిచాయి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో అభ్యసన వైకల్యం (చదవడం, రాయడం, లెక్కలు నేర్చుకోవడంలో ఇబ్బంది) కూడా ఉందని, సర్టిఫికెట్ ఉంటే పబ్లిక్ పరీక్షల్లో అదనపు సమయం అడగొచ్చని జూలై 8న వాళ్లమ్మను పిలిచి చెప్పాను. ఆమె కూలికి పోతుంది. "పిచ్చి డాక్టర్ దగ్గరికా సారూ?" అని చాలాసేపు నేల చూస్తూ కూర్చుంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉన్న మండల భవిత కేంద్రం రిసోర్స్ టీచర్ వాళ్లింటికి వెళ్లి మాట్లాడాకే ఒప్పుకుంది. జూలై 22న పెద్దాసుపత్రికి మొదటిసారి. ముందు కంటిచూపు, వినికిడి పరీక్షలు చేయించుకు రమ్మన్నారు, అది తెలియక ఒక రోజు వృథా. సైకాలజిస్ట్ దగ్గర తేదీ ఐదు వారాల తర్వాత దొరికింది. ఆగస్టు 27న తెలివితేటల పరీక్ష, సెప్టెంబర్ 10న చదవడం, రాయడం, లెక్కల పరీక్ష, ఒక్కోసారి రెండు గంటలు. రిపోర్టు దసరా తర్వాత, అక్టోబర్ 18న. మెడికల్ బోర్డు ముందుకు వెళ్లి సర్టిఫికెట్ చేతికి వచ్చేసరికి జనవరి. ఆరు నెలలు, ఆరు సార్లు తిరిగారు. ఆర్టీసీ బస్సులో తల్లీకూతుళ్లకు టికెట్ లేదు కాబట్టి సరిపోయింది, ఆరు రోజుల కూలి మాత్రం పోయింది. ప్రైవేటులో అడిగితే 6,000 చెప్పారు.

వెళ్లే వాళ్లకు రెండు విషయాలు. పిల్ల పాత నోటుబుక్కులు, రెండు మూడేళ్ల ప్రోగ్రెస్ కార్డులు, టీచర్ రాసిన ఉత్తరం మొదటి రోజే తీసుకెళ్లండి, లేకపోతే వాటి కోసమే మళ్లీ పిలుస్తారు. చదవడం, రాయడం పరీక్ష ఏ భాషలో పెడతారో ముందే అడగండి. ఈ అమ్మాయి మొదట తెలుగు మీడియం, తర్వాత ఇంగ్లీషు మీడియం. ఇంగ్లీషులో మాత్రమే పరీక్షిస్తే భాష రాకపోవడం ఏదో, వైకల్యం ఏదో తేలదు. వాళ్లమ్మ నేను రాసిచ్చిన చీటీ చూపించి అడిగితే తెలుగులోనూ చదివించారు.

సర్టిఫికెట్ కోసం బడిలో ఏదీ ఆపలేదు. 2018 ఆగస్టులో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో, 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్నవాళ్లకు రాత పరీక్షలో గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలని ఉండేది. అదే కొలతను మా హెడ్మాస్టర్ ఒప్పుకుని నలుగురికీ ఫార్మేటివ్ పరీక్షల్లో (ఏడాది మధ్యలో బడిలో పెట్టేవి) ఇచ్చారు. ప్రశ్నను చదివి వినిపించడం గురించి మిగతా పిల్లలు "మాకెందుకు చదవరు?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. అప్పటి నుంచి ప్రతి ప్రశ్నా తరగతి మొత్తానికి రెండుసార్లు చదివాను.

నవంబర్, డిసెంబర్ రుణ సంఖ్యలు. త్రాసు ఇక్కడ పనికిరాదు, మైనస్ మూడు బిళ్లలను కప్పులో వేయలేం. ఎర్ర బొత్తాలు అప్పు, నీలం బొత్తాలు చేతిలో డబ్బు. ఒక ఎర్ర, ఒక నీలం జతపడితే రెండూ పోతాయి. అప్పు మాట ఈ ఇళ్లలో పిల్లలకు బాగా తెలుసు, ఒక్కోసారి ఎక్కువే తెలుసు. ఒకమ్మాయి ముఖం చిన్నబోవడం చూసి "బాకీ చీటీ" అని దుకాణం ఆటగా మార్చాను. −(□ − 3) మాత్రం చివరి దాకా సతాయించింది. నలుగురూ −□ − 3 అనే రాసేవారు, ఎందుకంటే మైనస్ తన పక్కనున్న దాన్నే తాకుతుందని వాళ్ల నమ్మకం. బ్రాకెట్ ముందు మైనస్ నుంచి లోపలి ప్రతి పదానికీ ఒక్కో బాణం గీయించాక ముగ్గురు దాటారు, ఒకరికి ఇప్పటికీ బాణాలు కావాలి.

జనవరిలో డబ్బా పోయి ఎక్స్ రావాలి, ప్రశ్నపత్రంలో అదే వస్తుంది కాబట్టి. రెండు వారాలు పట్టింది: మొదట డబ్బా లోపల అక్షరం, తర్వాత చుక్కల డబ్బా, తర్వాత ఉత్త అక్షరం. గుణకారం గుర్తు ఎక్స్‌లాగే ఉంటుంది కాబట్టి నవంబర్ నుంచే దాన్ని మాన్పించి బ్రాకెట్లు వాడించాను. ఎక్స్‌ను వీపులు ఆనించిన రెండు వంకర గీతల్లా రాయించాను. నేను అల్లే లెక్కల్లో బి, డి, క్యూ, ఎస్, టి వాడలేదు. బి ఆరులా, ఎస్ ఐదులా, క్యూ తొమ్మిదిలా, టి ప్లస్‌లా కనిపిస్తాయి. ఎక్స్ విలువ 5 అయితే 2ఎక్స్ ఎంత అంటే 25 అన్న తప్పు కూడా ఈ వారాల్లోనే వచ్చింది. అక్షరం తీసేసిన చోట బ్రాకెట్ పెట్టి అందులో సంఖ్య రాయడం అలవాటు చేస్తే తగ్గింది: 2(5).

పద సమస్యల్లో, అంటే మాటల్లో ఇచ్చే లెక్కల్లో, తెలుగు వల్ల నాకు దొరికిన మేలు ఇంతా అంతా కాదు. మన పాఠ్యపుస్తకాలు ఇప్పుడు ఒక పక్క ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు. ఇంగ్లీషు మీడియం కదా అని ఇంగ్లీషు పేజీతోనే కుస్తీ పడుతున్నాం. "సెవెన్ లెస్ దేన్ ఎ నంబర్" అని చదివి పిల్లలు వినిపించిన వరుసలోనే 7 − □ రాస్తారు. తెలుగులో "ఒక సంఖ్య కంటే 7 తక్కువ". సంఖ్య ముందే వచ్చింది: □ − 7. "ట్వైస్ ద సమ్ ఆఫ్ ఎ నంబర్ అండ్ ఫైవ్ ఈజ్ ట్వెంటీ సిక్స్" అన్నదానిలో చివర చేయాల్సిన పని మొదట వినిపిస్తుంది. తెలుగులో "ఒక సంఖ్యకు 5 కలిపి, వచ్చిన దాన్ని రెట్టింపు చేస్తే 26". చెప్పిన వరుసే చేసే వరుస: □, తర్వాత □ + 5, తర్వాత 2(□ + 5) = 26. టిఫిన్ క్యారియర్ గిన్నెలు పేర్చినట్టే. మెట్లు మర్చిపోయే అమ్మాయి ప్రతి కామా దగ్గరా ఆగి ఒక మెట్టు రాయడం నేర్చుకుంది. పైన 2 ఉంది కాబట్టి ముందు 2తో భాగించి 13, తర్వాత 5 తీసి 8, సరిచూసి 26.

తెలుగులోనూ ఒక గుంట ఉంది. "రాము దగ్గర రహీం కంటే 5 గోలీలు ఎక్కువ" అంటే కొందరు రాముకు □ రాసి, రహీంకు 5 కలుపుతారు. దీనికి ఒక పద్ధతి పనిచేసింది: "కంటే" అన్న మాట కింద గీత గీయి, అది ఏ పేరును పట్టుకుని ఉందో ఆ పేరుతో మొదలుపెట్టు. రహీం □, రాము □ + 5. "కన్నా" అని ఉన్నా అంతే. "రెండు రెట్లు", "రెండు ఎక్కువ" కలగాపులగం కాకుండా ఉండటానికి రెట్లు అన్నచోట బిళ్లల దొంతరలు, ఎక్కువ అన్నచోట విడి బిళ్లలు పెట్టి చూపించాం. తెలుగులో సమీకరణం కట్టాక ఇంగ్లీషు పేజీ తిప్పి, అదే సమీకరణం పక్కన ఇంగ్లీషు వాక్యం రాసుకునేవారు. పరీక్షలో ఇంగ్లీషు వాక్యాన్ని ముందు తెలుగులో అనుకోవడానికే అదనపు సమయంలో ఎక్కువ భాగం ఖర్చయింది. అయినా సరే.

సజాతి పదాల (ఒకే అక్షరం ఉన్న పదాలను కలపడం) పాఠం ఫిబ్రవరిలో. ఫోమ్ షీట్లు నాలుగు, 120 రూపాయలు. కడ్డీలు ఒకటిన్నర సెంటీమీటర్ల వెడల్పు, ఏడున్నర పొడవు కోశాను. చిన్న చదరాలు ఒకటిన్నర సెంటీమీటర్లు. కడ్డీ అంటే ఎక్స్, చదరం అంటే ఒకటి. అదే తప్పు. కడ్డీ మీద చదరాలు సరిగ్గా ఐదు పడతాయి. కిరాణా అబ్బాయి పేర్చి చూసి "ఎక్స్ అంటే ఐదు సార్" అని తేల్చాడు, ఆ రోజంతా అందరికీ ఎక్స్ ఐదే. పొడవు ఎనిమిది సెంటీమీటర్లకు మళ్లీ కోశాను, ఐదు పట్టి కొంచెం మిగులుతుంది, కొలత కుదరదు. మూడు కడ్డీలు, రెండు చదరాలు కలిపి ఐదు కడ్డీలు కావని కళ్లతోనే చూశారు. రాతలో 3ఎక్స్ + 2ను 5ఎక్స్ చేయడం మాత్రం వెంటనే పోలేదు. ఎక్స్ చోట 10 పెట్టి చూసుకోమన్నాను, 10 అయితే ఎక్కాలతో పని లేదు: ఒకటి 32, ఇంకోటి 50. అప్పుడు వాళ్లే కొట్టేసేవారు.

ఏప్రిల్‌లో ఎస్.ఏ-2, అంటే ఏడాది చివరి పరీక్ష. కిరాణా అబ్బాయి సమీకరణాల ప్రశ్నలన్నీ చేశాడు, పద సమస్యతో సహా. రాత జారే అబ్బాయి గళ్ల కాగితం అడిగి తీసుకుని రాశాడు. మెట్లు మర్చిపోయే అమ్మాయి పెద్ద ప్రశ్నలో సగం మార్కులు తెచ్చుకుంది. మొదటి అమ్మాయి భిన్నాలున్న రెండు సమీకరణాల దగ్గర ఆగిపోయింది, మిగతావి చేసింది. మొత్తం మార్కుల్లో నలుగురూ తరగతి వెనక వరుసలోనే ఉన్నారు, రేఖాగణితం, భిన్నాలు ఇంకా బరువే. ఇది దాచి చెబితే మోసం. ఏడాది మొత్తం ఖర్చు నోటుబుక్కులు, ఫోమ్, బొత్తాలు, జిరాక్సులు కలిపి 740 రూపాయలు. అరవై బిళ్లలు దుకాణానికి తిరిగి వెళ్లాయి.

2025 జూన్‌లో వాళ్లు ఎనిమిదిలోకి వెళ్లారు, లెక్కలకు వేరే టీచర్. నలుగురికీ ఒక్కో పేజీ రాసి ఆమెకు ఇచ్చాను: ఎక్కడ ఆగుతారు, ఏది ఇస్తే కదులుతారు, ఏది ఇంకా రాదు. మొదటి అమ్మాయి పేజీలో పై వరుస ఇది: "ఎక్కాల కార్డు బల్ల మీద ఉండనివ్వండి. భిన్నంతో సమీకరణం అయితే ముందు హారంతో రెండు పక్కలా గుణించమని ఒక్కసారి గుర్తు చేయండి. సరిచూడు వరుస తనే రాస్తుంది, అది అయ్యేదాకా దిద్దొద్దు." జూలైలో ఒకరోజు ఆ టీచర్ ఆ పేజీ వెనక ఒక వరుస రాసి నాకు చూపించింది: "ఇవాళ గుర్తు చేయకుండానే గుణించింది."